బేసు గిటారు: తగిన ఆంప్లిఫయరు, నిండైన నాదము

రేడియో గల ప్రతి యింటివారును ఎఱిగిన విషయమొకటి కలదు. చిన్న సెట్టులో ధ్వనిమీటను చివరివఱకు త్రిప్పినచో గాయకుని కంఠము బొంగురువోవును. మాటల అంచులు గరగరలాడును. పాటలోని మాధుర్యము పోయినదని యింటిలోనివారు వెంటనే మీటను వెనుకకు త్రిప్పుదురు. ఆ గరగరనే కొందఱు వాద్యకారులు కోరి తెచ్చుకొని, కొలత పెట్టి, పాటలో ఒక రసమునకు సాధనముగా వాడుకొనుచున్నారు. దానికి ఓవర్‌డ్రైవ్ అని పేరు. ఒకచోట దోషమైనది మఱియొకచోట గుణమెట్లగును? ఆ గుణమును సంపాదించుటకు ఎట్టి ఆంప్లిఫయరు కావలెను? ముఖ్యముగా బేసు గిటారు వాయించువారు ఏమేమి చూచి కొనవలెను? ఈ ప్రసంగమున ఈ ప్రశ్నలనే విచారింతము.

ఈ విచారణ వాద్యకారులకే గాక గృహస్థులకును అవసరమైనదే. గోదావరి మండలములలో శ్రీరామనవమి పందిళ్ళయందును, తీర్థములయందును, పెండ్లి వేడుకలయందును ఆర్కెస్ట్రా పాటకచ్చేరులు జరుగుచుండును. వానిలో గాయకుని వెనుక నిలిచి పాటకు పునాది వేయునది బేసు గిటారు. ఇంటిలోని పిల్లవాడో, అమ్మాయియో ఈ వాద్యమును నేర్తుననినప్పుడు వాద్యము కొనుటతో పని తీరదు. బేసు గిటారు తీగ తనంత తాను మ్రోగినచో ప్రక్కగదిలోనికైనను వినబడదు. ఆంప్లిఫయరు లేనిదే అది మూగవాద్యము. వాద్యమునకు పెట్టినంత సొమ్ము, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన సొమ్ము, దీనికి పెట్టవలసి వచ్చును. తప్పుగా ఎంచుకొన్నచో సొమ్ము నష్టము. తప్పుగా వాడినచో చెవికి నష్టము. విద్యుత్తు విషయమున అజాగ్రత్తగా నున్నచో ప్రాణమునకే నష్టము. కావున తెలిసి కొనుట, తెలిసి వాడుట మేలు.

ఆంప్లిఫయరు వాద్యములో భాగమే

విద్యుత్తుతో మ్రోగు వాద్యము మన సంగీతమునకు తగునా యని పెద్దలు కొందఱు శంకించుట సహజము. ఆ శంకకు సమాధానము డెల్టాలోని పాలకొల్లునుండియే వచ్చినది. మాండలిన్ శ్రీనివాస్‌గా లోకప్రసిద్ధులైన ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28వ తేదీన పాలకొల్లులో జన్మించిరి. తండ్రిగారైన సత్యనారాయణగారి మాండలిన్‌ను ఆరేండ్ల ప్రాయమున చేతబట్టి, రుద్రరాజు సుబ్బరాజుగారి శిక్షణలో కర్ణాటక సంగీతమును అభ్యసించిరి. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములలో తొలి కచ్చేరి చేసిరి.

సాధారణపు మాండలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుండును. మీటిన నాదము క్షణములో అణగిపోవును. మన గమకములకు ఇది పెద్ద ఆటంకము. తీగను లాగి స్వరమును జార్చవలెనన్నచో, జార్చునంతసేపు నాదము నిలిచి యుండవలెను గదా! శ్రీనివాస్ జంటతీగలను విడిచి, ఐదు ఒంటితీగలు గల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను చేపట్టిరి. అట్లు నాదము నిలిచినది; మంద్రస్థాయి విస్తరించినది; అతి సున్నితమైన గమకము సైతము సభ చివర కూర్చుండిన శ్రోతకు అందినది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున ఆ నాదమును పాశ్చాత్యులు విని మెచ్చిరి. 1998లో వారికి పద్మశ్రీ లభించినది. 2014 సెప్టెంబరు 19వ తేదీన, నలువదియైదేండ్ల వయస్సుననే, వారు చెన్నైలో దివంగతులైరి.

ఈ చరిత్రవలన మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. వీణకు కుండ ఎట్టిదో విద్యుద్వాద్యమునకు ఆంప్లిఫయరు అట్టిది. అది ఉన్న ధ్వనిని పెంచు యంత్రము మాత్రమే కాదు, వాద్యశరీరములో ఒక అవయవము. శ్రీనివాస్ తమ సంగీతమునకు స్వచ్ఛమైన నాదమునే కోరిరి, ఓవర్‌డ్రైవ్‌ను కోరలేదు. మఱియొక సంగీతమునకు గరుకైన నాదము కావలసి యుండవచ్చును. ఏది కావలెనో ముందు నిశ్చయించుకొని, తరువాత పెట్టెను ఎంచుకొనుట క్రమము.

మంద్రస్వరమునకు అంత బల మెందుకు?

నాలుగు తీగల బేసు గిటారులో అన్నింటికంటె లావైన తీగ సెకనుకు సుమారు 41 కంపనములు చేయును. తక్కిన మూడును వరుసగా 55, 73, 98 కంపనములు చేయును. మామూలు గిటారులోని లావుతీగ 82 కంపనములు చేయును. అనగా బేసు గిటారు దానికంటె ఒక స్థాయి క్రింద నున్నది. ఐదు తీగల బేసులో అదనపు తీగ ఇంకను దిగి, సుమారు 31 కంపనముల వద్ద మ్రోగును.

ఇంత మంద్రమైన స్వరమును వినిపించుటకు మూడు కష్టములు కలవు. మొదటిది మన చెవి స్వభావము. మనుష్యుని చెవి నడిమిస్థాయి స్వరములను చక్కగా పట్టుకొనును గాని, అతి మంద్రమును తక్కువగా వినును. రెండవది స్పీకరు కష్టము. ఒకే స్పీకరు ఒకే గట్టితనముతో పలుకవలెనన్నచో, స్వరము ఒక స్థాయి దిగినప్పుడు దాని కాగితపు గరాటు నాలుగింతల దూరము ముందు వెనుకలకు కదలవలెను. కావుననే మామూలు గిటారు పెట్టెలో బేసును గట్టిగా వాయించినచో, ఆ గరాటు కదలగలిగిన మేర దాటి చినిగిపోవు ప్రమాదము కలదు. మెల్లగా సాధన చేసికొనుటకు ఫరవాలేదు గాని, కచ్చేరిలో అది తగదు. మూడవది చోటు కష్టము. 41 కంపనముల ధ్వనితరంగము ఎనిమిది మీటర్లకు పైగా పొడవుండును. గదిలో మూలకు చేర్చి పెట్టిన పెట్టె గోడల సాయమున మంద్రమును అధికముగా పలుకును. గోడలు లేని పందిరిలో అదే పెట్టె బలహీనముగా తోచును. దుకాణములో ఘనముగా వినబడిన పెట్టె తీర్థములో చిన్నబోవుటకు ఇదియే కారణము.

కోంబో అనగా నేమి?

ఆంప్లిఫయరును, స్పీకరును వేఱువేఱు పెట్టెలుగా కొనవచ్చును. రెండును ఒకే పెట్టెలో అమరినచో దానిని కోంబో అందురు. మోసికొని పోవుటకు, తీగలు కలుపుటలో పొరపాట్లు లేకుండుటకు, క్రొత్తగా నేర్చువారికి కోంబో అనుకూలము. దానిని ఎంచుకొనునపుడు చూడవలసిన విషయములు ఇవి.

మొదటిది వాట్లు. ఇంటిలో సాధనకు 15 మొదలు 30 వాట్లు చాలును. డ్రమ్ములతో కూడి సాధన చేయుటకు 100 వాట్లకు తక్కువైనది సాధారణముగా చాలదు. చిన్న వేదికలకు 200 మొదలు 300 వాట్ల పెట్టె సుఖముగా నుండును. అయితే వాట్ల సంఖ్యను చూచి భ్రమపడరాదు. వాట్లు రెట్టింపైనచో ధ్వని రెట్టింపు కాదు. మూడు డెసిబెళ్ళు మాత్రమే, అనగా చెవికి కొంచెముగా, హెచ్చును. చెవికి రెట్టింపుగా తోచుటకు సుమారు పదింతల వాట్లు కావలెను. 30 వాట్ల పెట్టెకు రెట్టింపు బిగ్గరైనది 60 వాట్లది కాదు, 300 వాట్లది. మఱియు స్పీకరు యొక్క గ్రహణశక్తి ముఖ్యము. మూడు డెసిబెళ్ళు ఎక్కువ గ్రహణశక్తి గల స్పీకరు 100 వాట్లతో చేయు పనిని, తక్కిన స్పీకరు 200 వాట్లతో చేయవలసి వచ్చును.

రెండవది స్పీకరు కొలత. 8 అంగుళములు, 10, 12, 15 అంగుళముల స్పీకర్లు వాడుకలో నున్నవి. పెద్ద స్పీకరు మంద్రమును నిండుగా, చిన్నది స్వరపు అంచును స్పష్టముగా పలుకునని సామాన్యముగా చెప్పుదురు. ఇందులో కొంత సత్యము కలదు గాని, పెట్టె వైశాల్యము, అమరిక కూడ అంతే ముఖ్యములు. రెండు 10 అంగుళముల స్పీకర్ల పెట్టె, ఒక 15 అంగుళముల పెట్టెకు తీసిపోకపోవచ్చును. కావున కొలతను చదివి గాక, చెవితో విని నిర్ణయింపవలెను.

మూడవది వాల్వా, ట్రాన్సిస్టరా యనునది. వాల్వు రేడియో నాదమున ఒక మెత్తదనము కలదని పాతతరమువారు చెప్పుకొందురు. వాల్వు ఆంప్లిఫయరు తన శక్తి మేర దాటునపుడు అలల శిఖరములను మెల్లగా గుండ్రముగా చేయును; ట్రాన్సిస్టరుది చాలవఱకు ఒక్కసారిగా కోసివేయును. కావుననే ఓవర్‌డ్రైవ్ కోరువారు వాల్వును ప్రేమింతురు. కాని వాల్వు పెట్టె బరువు, ధర, పోషణ ఖర్చు అధికము. స్పీకరు కలుపకుండ దానిని నడుపుట ప్రమాదకరము. నేటి క్లాస్ డి తరగతి ఆంప్లిఫయర్లు తక్కువ బరువుతో వందల వాట్లనిచ్చును. వీనికి ముందు వాల్వు రీతిని అనుకరించు ఓవర్‌డ్రైవ్ మార్గమో, పెడలో చేర్చుకొన్నచో సామాన్య గృహస్థునకు సరిపోవును. బస్సులో, ఆటోలో పెట్టె మోసికొని పోవలసినవారికి ఇదియే మేలైన త్రోవ.

నాలుగవది ద్వారములు. గెయిన్ మీట వేఱుగను, మాస్టర్ మీట వేఱుగను ఉండవలెను. ఓవర్‌డ్రైవ్‌కు ఇది ప్రాణము. ఇయర్‌ఫోను ద్వారము ఉన్నచో రాత్రివేళ ఇరుగుపొరుగువారిని బాధింపక సాధన చేయవచ్చును. డి.ఐ. ద్వారము ఉన్నచో కచ్చేరిలో మైకుసెట్టువారి మిక్సరునకు నేరుగా నాదమును పంపవచ్చును. అప్పుడు సభకంతటికి వినిపించు భారము మైకుసెట్టుదే యగును. మన పెట్టె వాయించువారికి వినబడిన చాలును. ఈ ఒక్క ద్వారమువలన పెద్ద పెట్టె కొనవలసిన ఖర్చు తప్పును. పైస్వరములు పలుకు ట్వీటరు ఉన్నచో దానిని తగ్గించుటకు మీట ఉండవలెను. ఎందుకో ముందు చెప్పుదుము.

ఐదవది విద్యుత్తు. మన దేశపు విద్యుత్తు 230 వోల్టులు. అమెరికానుండి బంధువులు తెచ్చిన పెట్టె 120 వోల్టులకే తయారైనదైనచో, దానిని మన ప్లగ్గులో నేరుగా పెట్టినంతనే పాడగును. వెనుక నున్న వోల్టుల ముద్రను చదివి, అవసరమైనచో తగిన ట్రాన్స్‌ఫార్మరును వాడవలెను.

ఓవర్‌డ్రైవ్ అనగా నేమి?

డెల్టావాసులకు కాలువ తెలియనిది కాదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టనుండి బయలుదేరిన కాలువలు ఊరూర ప్రవహించుచున్నవి. కాలువకు గట్టు ఎంత ఎత్తున్నదో నీరు అంతవఱకే నిలుచును. అంతకు మించి వదలినచో అల యొక్క పైభాగము గట్టుమీదుగా పొర్లిపోయి, కాలువలో నీటిమట్టము చదునుగా కనబడును. ఆంప్లిఫయరుకును ఇట్టి గట్టు ఒకటి కలదు. తీగనుండి వచ్చు అల ఆ గట్టునకు లోబడి యున్నంతవఱకు నాదము స్వచ్ఛము. గెయిన్ పెంచి అలను గట్టు దాటించినచో శిఖరములు తెగి చదునగును. ఈ తెగిన అలయే ఓవర్‌డ్రైవ్.

అల తెగినప్పుడు కేవలము నష్టమే కలుగదు. క్రొత్త స్వరములు పుట్టును. వీనిని మన శాస్త్రమున స్వయంభూ స్వరములందురు. ఆధార షడ్జమమునకు రెండింతల కంపనము పైషడ్జమము. మూడింతలు దానిపై పంచమము. నాలుగింతలు మరల షడ్జమము. ఐదింతలు అంతర గాంధారము. తంబురను శ్రుతిచేసి నిశ్చలముగా విన్నవారికి గాంధారము తనంత తాను వినబడుట ఇందువలననే. తంబుర గుఱ్ఱముపై తీగ క్రింద మనవారు ఉంచు నూలుపోగునకు జీవ యని పేరు. ఆ పోగు సరియైన చోట కుదిరినప్పుడు తీగ ఝంకారముతో పలుకును, స్వయంభూ స్వరములు వెల్లివిరియును. పోగు తీసినచో నాదము మొద్దుబారును. మృదంగము కుడిమూత నడుమ నుండు నల్లని కరణయు ఇట్టి పనికే ఏర్పడినది. అది మూత స్వరములను శ్రుతిబద్ధములుగా చేయును. సి.వి. రామన్ 1920లో ఈ విషయమును శాస్త్రీయముగా ప్రకటించిరి. కావున నాదమునకు ఉద్దేశపూర్వకముగా స్వరములను చేర్చుట మనకు క్రొత్త కాదు. ఓవర్‌డ్రైవ్ ఆ పనినే విద్యుత్తుతో చేయును.

అయితే కొలత ముఖ్యము. కొద్దిగా తెగిన అలలో మొదటి కొన్ని స్వయంభూ స్వరములే బలపడును. అవి షడ్జమ పంచమములే గావున చెవికి ఇంపుగా నుండును. అధికముగా తెగినచో ఏడవది, తొమ్మిదవది, పదునొకండవది మొదలగు దూరపు స్వరములు విజృంభించి కఱకుదనము కలుగును. మఱియు రెండు మూడు తీగలను కలిపి మీటినచో వాని కూడికలు, తీసివేతలు కూడ స్వరములై పుట్టి బురద చేయును. షడ్జమ పంచమములను కలిపి మీటినచో ఇది సహింపదగినదే. గాంధారము చేర్చినచో మంద్రస్థాయిలో చెడును. బేసుపై ఓవర్‌డ్రైవ్‌తో ఒంటిస్వరములనే వాయించుట మేలు.

రేడియో శ్రోతలకు ఇందులో ఒక విశేషము కలదు. చిన్న రేడియో స్పీకరు 41 కంపనములను పలుకజాలదు. అయినను పాటలోని మంద్రస్వరము మనకు తెలియుచునే యుండును. పైనున్న స్వయంభూ స్వరములను విని, లేని ఆధారస్వరమును మన చెవి, మనస్సు కలిసి ఊహించుకొనును. స్వల్పమైన ఓవర్‌డ్రైవ్ ఆ పైస్వరములను బలపఱచును. కావుననే కొంచెము గరుకుగా వాయించిన బేసు చిన్న రేడియోలోను, ఫోనులోను స్పష్టముగా వినబడును.

దోషము గుణమైన చరిత్ర

అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేసును, 1952లో దానికొఱకు బాస్‌మన్ అను కోంబోను విక్రయమునకు తెచ్చెను. మొదట దానిలో 15 అంగుళముల స్పీకరు ఒకటి యుండెను. తరువాత నాలుగు 10 అంగుళముల స్పీకర్లు అమర్చిరి. బేసుకొఱకు పుట్టిన ఆ పెట్టెను గట్టిగా మ్రోగించినపుడు కలిగిన గరుకుదనము గిటారువారికి నచ్చినది. 1962లో లండనులో జిమ్ మార్షల్ తన మొదటి ఆంప్లిఫయరును బాస్‌మన్ మాదిరినే ఆధారముగా చేసికొని నిర్మింపజేసెను. ఆంపెగ్ సంస్థ స్థాపకుడైన ఎవరెట్ హల్ మాత్రము స్వచ్ఛమైన నాదమునే కోరెను. 1960లో వచ్చిన ఆ సంస్థవారి బి-15 కోంబో స్టూడియోలలో పేరు పొందెను. 1969లో అదే సంస్థ పెద్ద సభలకొఱకు 300 వాట్ల వాల్వు ఆంప్లిఫయరును తెచ్చెను.

మఱియొక ముచ్చట. 1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ పాట డోంట్ వర్రీలో గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేసును వాయించెను. నాష్‌విల్ స్టూడియో మిక్సరులో ఒక మార్గము చెడియుండుటచే ఆ వాదనము గరగరలాడెను. దానిని తీసివేయక అట్లే ఉంచిరి, శ్రోతలు మెచ్చిరి. ఆ ధ్వనిని కోరి పుట్టించుటకు గ్లెన్ స్నాడీ అను ఇంజనీరు సహచరునితో కలిసి యంత్రము కల్పించెను. అది 1962లో మాయెస్ట్రో ఫజ్‌టోన్ అను పేర విక్రయమునకు వచ్చెను. 1965లో బీటిల్స్ బృందమువారి థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్ అను పాటలో పాల్ మెకార్ట్నీ బేసు గిటారును ఇట్టి గరుకు నాదముతో వాయించెను. ఈ పరంపరకు మొదటి ప్రసిద్ధ ఉదాహరణ బేసుపైననే పుట్టుట గమనింపదగినది.

మంచి ఓవర్‌డ్రైవ్‌ను కుదుర్చుకొను విధము

మొదట స్వరమీటలనన్నింటిని మధ్యకు తెచ్చి, స్వచ్ఛమైన నాదముతో వాయింపవలెను. స్వచ్ఛముగా బాగులేనిది గరుకుగా బాగుపడదు. తీగలు పాతవై మొద్దుబారినవా, శ్రుతి సరిగా నున్నదా చూచుకొనవలెను.

తరువాత మాస్టర్ మీటను తగ్గించి, గెయిన్‌ను కొద్దికొద్దిగా పెంచవలెను. మెల్లగా మీటినపుడు నాదము స్వచ్ఛముగను, గట్టిగా మీటినపుడు అంచున గరుకుగను ఉన్నచోట ఆపవలెను. అప్పుడు ఓవర్‌డ్రైవ్ వాద్యకారుని వ్రేళ్ళ అదుపులో నుండును. కావలసినదానికంటె ఎక్కువ గెయిన్ పెట్టుట క్రొత్తవారి సామాన్యదోషము. ఒంటరిగా ఘనమనిపించిన ఆ నాదము, డ్రమ్ములు కలిసినంతనే ఈగల రొదవలె వినబడును.

బేసు విషయమున ముఖ్యసూత్రము మఱియొకటి. గట్టు దాటి పొర్లునది మొదట మంద్రమే, ఏలననగా దాని అలయే పెద్దది. అందుచేత మంద్రము నలిగి, నాదము పునాది లేని యిల్లగును. దీనికి ఉపాయము, నాదమును రెండు పాయలుగా చీల్చుట. ఒక పాయను స్వచ్ఛముగా ఉంచి, రెండవ పాయలో మంద్రమును తగ్గించి దానిని మాత్రమే గరుకు చేసి, మరల రెంటిని కలుపవలెను. గౌతమి, వసిష్ఠలుగా చీలిన నది మరల కలియదు గాని, ఈ పాయలు కలియును! బేసు పెడళ్ళలో బ్లెండ్ అను మీట ఈ పనికే యున్నది. కొనునపుడు అది యున్న పెడలునే కోరవలెను. రెండు పాయలను కలిపినప్పుడు మంద్రము పెరుగుటకు బదులు తగ్గినచో, ఒక పాయ తలక్రిందులైనదని గ్రహించి, ఫేజ్ మీటను మార్చవలెను.

పిమ్మట ట్వీటరును తగ్గించవలెను. అల తెగినచోట పుట్టిన దూరపు స్వరములన్నియు ట్వీటరు గుండ వచ్చి చెవిని గీరును. అధికశక్తి పడి ట్వీటరు కాలిపోవుటయు కలదు. 500 మొదలు 1000 కంపనముల నడుమ నుండు మధ్యస్వరములను కొంచెము పెంచినచో, ధ్వనిని హెచ్చింపకయే బేసు స్పష్టపడును.

చివరగా, పెడలు వేసినపుడును తీసినపుడును ధ్వని ఒకే మట్టమున నుండునట్లు చూడవలెను. బిగ్గరగా నున్నదియే బాగున్నదని చెవి మోసపోవును. మట్టము సమానము చేసి విన్నప్పుడే నిజము తెలియును. దుకాణములో రెండు పెట్టెలను పోల్చునపుడును ఇదే నియమము. మీ వాద్యమునే వెంట తీసికొనిపోయి, పెట్టెను నేలనుండి కొంచెము ఎత్తున, గోడకు దూరముగా ఉంచి, లావుతీగను గట్టిగా మీటి, పెట్టె పలకలు గిలగిలలాడుచున్నవేమో వినవలెను.

ఇంతయు కుదిరినను ఏ పాటకు ఏది తగునో వివేకము వలయును. మృదంగపు తొప్పి, తబలాలోని డగ్గా ఈ బేసు తిరుగు స్థాయిలోనే పలుకును. మెలొడీ పాటలోను, భక్తిగీతములోను గరుకు బేసు వానిని కప్పివేయును. గాయకునకు శ్రుతి దొరకదు. అట్టిచోట స్వచ్ఛమైన నాదమే శ్రేయము. వేగముగల పాటలలో, నృత్యగీతములలో ఓవర్‌డ్రైవ్‌కు తావు కలదు.

చెవియు, ప్రాణమును

ధ్వనికి ఒక హద్దు కలదు. 85 డెసిబెళ్ళ ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలకు మించి వినరాదు. మూడు డెసిబెళ్ళు పెరిగినకొలది ఆ కాలము సగమగును. 100 డెసిబెళ్ళ వద్ద పదునైదు నిమిషములే హద్దు. కోల్పోయిన వినికిడి తిరిగి రాదు. వేదికపై వాయించు యువకులు చెవిలో ప్లగ్గులు పెట్టుకొనుటకు సిగ్గుపడరాదు. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము, రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు బయట లౌడుస్పీకర్లు వాడరాదు. ప్రభుత్వము ప్రత్యేకముగా అనుమతించిన కొలది దినములలో మాత్రము అర్ధరాత్రివఱకు సడలింపు కలదు.

ఇంతకంటె ముఖ్యమైనది ఎర్త్. మన డెల్టాలో నేల చెమ్మగా నుండును. పందిరి వేయు వరిచేలు, తోటలు మఱింత తడిగా నుండును. వాద్యకారుని వ్రేళ్ళు లోహపు తీగలపై నుండును. పెదవులు మైకునకు తగులుచుండును. ఈ రెంటిలో ఒకదానికి ఎర్త్ చెడినచో ప్రవాహము శరీరముగుండ పోవును. 1972లో బ్రిటనులోని స్వాన్సీ పట్టణమున లెస్ హార్వే అను గిటారు వాద్యకారుడు వేదికపై ఎర్త్ లేని మైకును తాకి మరణించెను. కావున మూడు కాళ్ళ ప్లగ్గులోని ఎర్త్ కాలును ఎన్నడును తీయరాదు. కొందఱు గుంయిమను రొదను పోగొట్టుటకు దానిని విఱుతురు. ఇది ప్రాణముతో చెలగాటము. రొద పోవలెనన్నచో డి.ఐ. ద్వారము వద్ద నుండు గ్రౌండ్ లిఫ్ట్ మీటను నొక్కవలెను. వాద్యమును, మైకుసెట్టును ఒకే చోటనుండి వచ్చు విద్యుత్తుకు కలుపవలెను. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. యంత్రమును పందిరి కనెక్షనుకు వేయించుట ఊరి ఉత్సవ సంఘమువారి కర్తవ్యము. దాని ఖరీదు ఒక పూట పూలదండల ఖర్చుకు మించదు.

వాల్వు పెట్టె చెడినచో ఇంటిలో విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ దానిలోని కండెన్సరులలో ప్రాణాంతకమైన వోల్టులు నిలిచి యుండును. సముద్రపుగాలి తగులు ఊళ్ళలో వాడనప్పుడు పెట్టెను గుడ్డతో కప్పి, నేలకు తగులకుండ బల్లపై ఉంచి, వారమున కొకసారియైన మ్రోగించుచుండవలెను. లేనిచో చెమ్మకు స్పీకరు కాగితము మెత్తబడి, ద్వారములకు చిలుము పట్టును.

ఇంటిలో బేసు నేర్చువారున్నచో తల్లిదండ్రులు మొదట చిన్నదైనను ఇయర్‌ఫోను ద్వారము, డి.ఐ. ద్వారము గల కోంబోను కొనియిచ్చి, ఒక సంవత్సరము సాధన సాగిన పిదప పెద్దదానిని గుఱించి ఆలోచించుట యుక్తము. తాళము తప్పని చేయి, శ్రుతి తప్పని చెవి ఏర్పడినచో చిన్న పెట్టెయు నిండుగా పలుకును. ఆ రెండును లేనిచో ఎన్ని వాట్లును వానిని కొనితేజాలవు.